వారసత్వ రైలుమార్గంలో ఆవిరి ఇంజనును చూడటం ఎలా

పాతకాలపు బండ్లను కాపాడి నడిపే వారసత్వ రైలుమార్గాలకు వెళ్ళేవారిలో ఎక్కువమంది బండి బయలుదేరడానికి పావుగంట ముందు స్టేషను చేరుకొని, ఇంజను ముందు నిలబడి ఒక ఫోటో తీసుకొని, పెట్టె ఎక్కి, తిరిగి రాగానే ఇంటిదారి పడతారు. ప్రయాణం హాయిగానే ఉంటుంది గాని, ఇంజనును మాత్రం వారు చూడనట్టే లెక్క. డీజిలు ఇంజను మీట నొక్కగానే మేలుకొంటుంది. ఆవిరి ఇంజనుకు తెల్లవారకముందే నిప్పు వేయాలి, గంటల తరబడి నీరు కాగాలి, కీలుకీలుకూ నూనె పోయాలి, పొద్దువాలాక బూడిద తీసి పడుకోబెట్టాలి. ఈ దినచర్యలో ప్రయాణం ఒక భాగం మాత్రమే. అందువల్ల బండి సమయాలను బట్టి కాక ఇంజను పని సమయాలను బట్టి మన రోజును అమర్చుకోవడమే సరైన పద్ధతి.

ఏ చోటికి, ఏ రోజు

ముందుగా తేల్చుకోవలసింది, మనం వెళ్ళే చోట ఇంజన్లు నడుస్తున్నాయా, లేక ప్రదర్శనకు నిలిపి ఉంచారా అన్నది. న్యూఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం వంటి చోట్ల వేర్వేరు తరాల ఇంజన్లు ఒకే ఆవరణలో ఉంటాయి కనుక, చక్రాల అమరికనూ బాయిలర్ల పరిమాణాన్నీ పోల్చి చూసుకోవడానికి అవి ఎంతో అనువైనవి. నిప్పుమీద ఉన్న ఇంజనును చూడాలంటే మాత్రం నడిచే మార్గానికే వెళ్ళాలి. వేల్స్‌లోని టాలిథ్లిన్ రైలుమార్గాన్ని 1951లో స్వచ్ఛంద సేవకులు తమ చేతుల్లోకి తీసుకొని నడపసాగారు. ఆ విధంగా కాపాడుకున్న మార్గాలలో ప్రపంచంలోనే అది మొదటిది. ఇంగ్లండులోని బ్లూబెల్ మార్గం 1960లో ఆ దారి పట్టింది. జర్మనీలోని హార్జ్ కొండల మీటరుగేజి మార్గాలు, అమెరికాలోని డురాంగో-సిల్వర్టన్ మార్గం, ఆస్ట్రేలియాలోని పఫింగ్ బిల్లీ, భారతదేశంలోని డార్జిలింగ్, నీలగిరి మార్గాలు కూడా ఆవిరి ఇంజన్లు నడిచే చోట్లే.

మార్గాన్ని ఎంచుకున్నాక సమయపట్టికను జాగ్రత్తగా చదవాలి. వారసత్వ మార్గం అన్నంత మాత్రాన ప్రతి బండికీ ఆవిరి ఇంజను కడతారని అనుకోకూడదు. నీలగిరి మార్గంలో మేట్టుపాళయం నుంచి కూనూరు వరకు, అంటే ఇంజను పళ్ళచక్రానికి పట్టు దొరికేలా పట్టాల మధ్య పంటి పట్టా వేసిన నిటారు భాగం ఉన్న మేర, ఆవిరి ఇంజను బండిని నెడుతుంది. కూనూరు నుంచి ఊటీ వరకు సాధారణంగా డీజిలు ఇంజను లాగుతుంది. ఈ సంగతి తెలియక ఊటీ నుంచి కూనూరు వరకే టిక్కెట్టు కొన్నవారు నిరాశపడతారు. చాలా మార్గాల పట్టికల్లో ఆవిరి బండ్లను వేరే రంగుతోనో గుర్తుతోనో చూపిస్తారు. ఎండలు ముదిరి గడ్డి ఎండిపోయిన కాలంలో పొగగొట్టం నుంచి ఎగసే నిప్పురవ్వల వల్ల మంటలు అంటుకునే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఆవిరి బండిని రద్దుచేసి ఆఖరు నిమిషంలో డీజిలును పెట్టడం కూడా జరుగుతుంది. అందుచేత బయలుదేరే ముందురోజు ఒకసారి ఫోను చేసి అడగడం మంచిది.

ఫలానా ఇంజనునే చూడాలన్న కోరిక ఉంటే ఇంకొక విషయం గుర్తుంచుకోవాలి. బాయిలరు పీడనంతో పనిచేసే పాత్ర. దానికి గడువు ఉన్న ధ్రువపత్రం ఉంటుంది. బ్రిటన్‌లోని వారసత్వ మార్గాలలో సాధారణంగా పదేళ్ళకొకసారి బాయిలరును చట్రం మీదనుంచి ఎత్తి, గొట్టాలన్నీ తీసి, లోపలంతా పరీక్షించి, మరమ్మతు చేస్తారు. ఈ పని కొన్నేళ్ళు సాగవచ్చు. మీరు చూడదలచుకొన్న ఇంజను ఆ సమయంలో వర్క్‌షాపులో ముక్కలుముక్కలుగా పడి ఉండవచ్చు. అయితే నా మటుకు నాకు అది నష్టమనిపించదు. విప్పిన బాయిలరులోకి తొంగిచూసి, వందకు పైగా ఉండే సన్నని గొట్టాల వరుసను చూసినవారికి, ఆ తరువాత ఏ ఇంజనును చూసినా దాని లోపల ఏమున్నదో కళ్ళకు కడుతుంది.

ఎన్నో ఇంజన్లను ఒకేసారి నడిపే ఉత్సవ దినాలు కొన్ని మార్గాలలో ఉంటాయి. అవి కన్నులపండుగే గాని, మొదటిసారి వెళ్ళేవారు మామూలు రోజునే ఎంచుకోవాలని నా అభిప్రాయం. జనం తక్కువగా ఉన్నప్పుడే సిబ్బందికి మాట్లాడే తీరిక ఉంటుంది, మనకు ఒకే ఇంజనును తనివితీరా చూసే వీలుంటుంది.

షెడ్డులో తెల్లవారుజాము

షెడ్డు అందరూ తిరిగే చోటు కాదు. కొన్ని మార్గాలు నిర్ణీత వేళల్లో షెడ్డు చూపిస్తాయి, కొన్ని ముందుగా రాసి అడిగినవారిని అనుమతిస్తాయి. అనుమతి దొరికితే దానికోసం నిద్ర చెడినా ఫరవాలేదు. పెద్ద ఇంజనును పూర్తిగా చల్లారిన స్థితినుంచి ఆవిరికి తేవడానికి ఎన్నో గంటలు పడుతుంది. కొన్నిచోట్ల ముందురోజే చిన్న మంట వేసి బాయిలరును మెల్లగా వెచ్చబెడతారు. తొందరపడితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. బాయిలరులోని రేకులు, గొట్టాలు, వాటిని పట్టి ఉంచే కడ్డీలు ఒక్కొక్కటి ఒక్కో మందంలో ఉంటాయి, వేడికి ఒక్కొక్కటి ఒక్కో తీరున వ్యాకోచిస్తాయి. మంట ఒక్కసారిగా పెంచితే ఆ అతుకుల మీద ఒత్తిడి పడి, ఈరోజు కాకపోయినా కొన్నాళ్ళకు కారడం మొదలవుతుంది. నిప్పు వేసేవారి నిదానంలోనే ఇంజను ఆయుష్షు ఉన్నది.

మంట వేయడానికి ముందు, నిప్పునూ నీటినీ చూసుకొనే ఫైర్‌మన్ చేసే పనులను గమనించండి. అతడు మొదట నీటిమట్టం చూస్తాడు. సిబ్బంది నిలబడి ఇంజనును నడిపే క్యాబులో నిలువుగా సాధారణంగా రెండు గాజుగొట్టాలు ఉంటాయి. బాయిలరులో నీరు ఎంత ఎత్తున ఉన్నదో వాటిలో కనిపిస్తుంది. బొగ్గు మండే కొలిమి, అంటే ఫైర్‌బాక్సు, పైకప్పుమీద ఎప్పుడూ నీరు నిలిచి ఉండాలి. అది ఎండితే లోహం మెత్తబడి కూలిపోతుంది, అంతకంటె పెద్ద ప్రమాదం ఆవిరి ఇంజనుకు మరొకటి లేదు. ఆఖరి హెచ్చరికగా ఆ పైకప్పులో తక్కువ వేడికే కరిగే లోహం పోసిన బిరడాలు బిగిస్తారు. నీరు తగ్గితే ఆ లోహం కరిగి, ఆవిరి మంటమీదికి చిమ్మి, సిబ్బందిని హెచ్చరిస్తుంది. తరువాత ఫైర్‌మన్ ఇంజను ముందుభాగంలోని గుండ్రటి తలుపు తెరిచి, నిన్నటి మసినీ బూడిదనూ పారతో తోడిపోస్తాడు.

ఆ వేళకు డ్రైవరు పొడవైన ముక్కు ఉన్న నూనెడబ్బా పట్టుకొని ఇంజను చుట్టూ తిరుగుతూ ఉంటాడు. ఈ ప్రదక్షిణను తప్పక చూడాలి. అతడు ఏ వరుసలో వెళుతున్నాడో, ఎక్కడ వంగుతున్నాడో, ఏ బిరడా తీసి ఎంత పోస్తున్నాడో చూస్తే, ఇంజనులో ఏ భాగం కదులుతుందో, ఏది దేనిమీద ఒరుసుకొంటుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నూనె పోస్తూనే అతడు మరలు వదులయ్యాయేమో, ఎక్కడైనా పగులు ఉన్నదేమో కూడా చూసుకొంటాడు. ఆ సమయంలో పలకరించకండి. లెక్క తప్పితే ఒక బేరింగు ఎండిపోతుంది.

కొంతసేపటికి బాయిలరు లోపలినుంచి సన్నని సణుగుడు వినిపిస్తుంది. పీడనం చూపే ముల్లు చాలాసేపు కదలదు, ఒకసారి కదిలాక మాత్రం చురుగ్గా పైకి పోతుంది. ఇంజనును బట్టి పని పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 10 నుంచి 16 కిలోల వరకు ఉంటుంది. అంత పీడనంలో నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు. 180 నుంచి 200 డిగ్రీల దాకా కాగితే గాని ఆవిరి కాదు. ఒక పెద్ద బాయిలరులో టన్నుల కొద్దీ నీరు ఆ వేడిలో ఉంటుందన్న సంగతి గుర్తుపెట్టుకొంటే, సిబ్బంది గీసిన గీత దాటకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఇంజను పక్కన నిలబడి

ఇంజను ప్లాట్‌ఫారానికి వచ్చాక అందరూ ముందుకు పోయి ముఖం చూస్తారు. మీరు పక్కకు వెళ్ళి, చక్రాలతో మొదలుపెట్టండి. ముందున్న చిన్న చక్రాలు, మధ్యన ఇంజను శక్తితో తిరిగే చోదక చక్రాలు, వెనుకనున్న చిన్న చక్రాలు లెక్కపెట్టి మూడు అంకెలుగా చెప్పడం రైల్వేలో వాడుక. భారతీయ రైల్వేల డబ్ల్యూపీ తరగతి 4-6-2, డబ్ల్యూజీ తరగతి 2-8-2. మొదటిది వేగంగా పోయే ప్రయాణికుల బండ్లకోసం, రెండవది బరువైన గూడ్సు బండ్లకోసం. చోదక చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం, అవి ఎన్ని ఎక్కువైతే అంత పట్టు. డార్జిలింగ్‌లో 1889 నుంచి తయారవుతూ వచ్చిన బి తరగతి ఇంజను 0-4-0. ఉన్న నాలుగు చక్రాలూ చోదక చక్రాలే కనుక దాని బరువంతా పట్టాలమీద పట్టుగా మారుతుంది. నీటి తొట్టి బాయిలరు మీద జీనులాగా పరచుకొని ఉంటుంది. అంత చిన్న ఇంజనుమీద ఒక్క అంగుళం చోటు కూడా వృథా కాలేదు.

చక్రాల తరువాత కడ్డీలను చూడండి. సిలిండరులో ఆవిరి పిస్టనును ముందుకూ వెనుకకూ తోస్తుంది. ఆ కదలికను లావుపాటి కనెక్టింగ్ రాడ్డు చక్రానికి అందిస్తుంది. చక్రాలను జతచేసే అడ్డుకడ్డీ దాన్ని మిగతా చక్రాలకు పంచుతుంది. వీటిపైన సన్నగా, చిక్కుగా కనిపించే మరికొన్ని కడ్డీలే వాల్వుగేరు. ఏ క్షణంలో సిలిండరుకు ఏ వైపునుంచి ఆవిరి పంపాలో, ఎంతసేపు పంపాలో తేల్చేది అదే. చక్రాల బయట కనిపించే ఏర్పాటులో ఎక్కువగా వాడింది వాల్‌షార్ట్స్ గేరు. బెల్జియం మెకానిక్ ఎగీడ్ వాల్‌షార్ట్స్ దాన్ని 1844లో రూపొందించాడు. బండి బయలుదేరే సమయంలో కిటికీలోనుంచి కాక ప్లాట్‌ఫారం మీదనుంచి దీన్ని ఒక్కసారైనా చూడాలి. అందుకే వీలైతే మొదటి బండిని సాగనంపి, రెండవ బండి ఎక్కమంటాను.

బయలుదేరే క్షణంలో ఇంజను ముందు కింది భాగంనుంచి పెద్ద చప్పుడుతో తెల్లని మేఘం ఇరువైపులా చిమ్ముతుంది. ఏదో పగిలిందని కొత్తవారు బెదురుతారు. నిలిచి ఉన్నప్పుడు సిలిండరులో ఆవిరి చల్లబడి నీరవుతుంది, నీరు నొక్కుకుపోదు కాబట్టి అది పిస్టనుకు అడ్డుపడి సిలిండరు మూతనే పగలగొట్టగలదు. దాన్ని బయటికి పంపడానికి డ్రైవరు చిన్న కొళాయిలు తెరుస్తాడు. చిన్నపిల్లలతో ఉన్నవారు ఆ భాగానికి కనీసం నాలుగైదు మీటర్ల దూరంలో నిలబడాలి. పీడనం హద్దు దాటినప్పుడు బాయిలరు నెత్తిమీద సేఫ్టీ వాల్వు తెరుచుకొని చేసే హోరు చెవులు మూసుకొనేంత గట్టిగా ఉంటుంది. అది ప్రమాదం కాదు, ప్రమాదం రాకుండా ఉండే ఏర్పాటు అని పిల్లలకు ముందే చెప్పి ఉంచితే ఏడవరు.

క్యాబులోకి రమ్మని పిలుస్తారా అని చాలామందికి సందేహం. మర్యాదగా అడిగితే చాలాచోట్ల పిలుస్తారు, కానీ వేళ ఎరిగి అడగాలి. బయలుదేరడానికి పది నిమిషాల ముందు ఫైర్‌మన్ మంటను సిద్ధం చేస్తుంటాడు. ఇంజెక్టరు పెడుతున్నప్పుడు అతడి చెవి దాని చప్పుడుమీదే ఉంటుంది. 1858లో ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ జిఫార్డ్ కనిపెట్టిన ఈ పరికరం, బాయిలరు ఆవిరితోనే అదే బాయిలరులోకి నీటిని నెడుతుంది. తిరిగే భాగం ఒక్కటీ లేని ఈ చిన్న వస్తువు నాకు ఇప్పటికీ అబ్బురమే. గమ్యం చేరి బండి ఆగిన తరువాత అడగడం అన్నివిధాలా మేలు. లోపలికి వెళ్ళాక ఏదీ ముట్టుకోకూడదు. ఇత్తడిదైనా ఇనుముదైనా ప్రతిదీ కాలుతూ ఉంటుంది. కొలిమి తలుపు తెరిచినప్పుడు మంట రంగు చూడండి. కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లని మంట బాగా గాలి అందుతున్నదానికి గుర్తు. మసకగా ఎర్రగా ఉంటే ఫైర్‌మన్‌కు పని ఉన్నదన్నమాట.

ఇంజను వేగమెంత, బరువెంత అని అడిగితే అంకెలు చెప్పి ఊరుకొంటారు. ఈరోజు బొగ్గు ఎలా ఉన్నది, బూడిద కరిగి ఎక్కువ చిట్టెం కడుతున్నదా, దారిలో ఎక్కడ ఊపిరి బిగబట్టవలసి వస్తుంది అని అడిగి చూడండి. అప్పుడు వారి మాట ఆగదు. బ్రిటన్‌లో ప్రధాన మార్గాలమీద ఆవిరి 1968 ఆగస్టులో ముగిసింది. భారతదేశంలో బ్రాడ్‌గేజిమీద 1995 డిసెంబరులో. ఇప్పుడు ఈ ఇంజన్లు నడిపేవారిలో చాలామంది పాతవారి పక్కన నిలబడి, చూసి, చేసి నేర్చుకొన్నవారే. ఈ విద్య ఒక చేతినుంచి మరొక చేతికి అందవలసిందే గనుక, వారు చెప్పే ప్రతి చిన్న మాటకూ విలువ ఉన్నది.

బండిలో కూర్చున్నాక

దుస్తుల సంగతి ముందే చెప్పవలసింది. నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకొనే సింథటిక్ బట్టలు వద్దు, ముదురురంగు నూలుబట్టలు మేలు. కాళ్ళకు మూసి ఉండే చెప్పులు వేసుకోవాలి. కిటికీ పక్కన కూర్చొనేవారు సాదా కళ్ళద్దాలైనా పెట్టుకోవాలి. కంట్లో బొగ్గునలుసు పడితే నలపకుండా మంచినీటితో కడుక్కోవాలి. సొరంగం రాబోతుందంటే కిటికీలు మూయాలి, తల ఎప్పుడూ బయట పెట్టకూడదు.

ఎక్కడ కూర్చోవాలన్నది ఇంజను ఎటువైపున్నదో దాన్ని బట్టి ఉంటుంది. శబ్దం వినడానికి ఇంజనుకు దగ్గరి పెట్టె కావాలి. నీలగిరిలో ఎక్కేటప్పుడు ఇంజను వెనుకనుంచి నెడుతుంది, కాబట్టి అక్కడ చివరి పెట్టెయే దగ్గరిది. మలుపుల్లో ఇంజను కనబడాలనుకొనేవారు అందుకు భిన్నంగా దూరపు పెట్టె ఎంచుకోవాలి. ఒక వైపు వెళ్ళేటప్పుడు ఒకచోట, వచ్చేటప్పుడు మరొకచోట కూర్చుంటే రెండూ దక్కుతాయి.

ఇక చెవులకు పని చెప్పండి. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రం ఒకసారి తిరిగేసరికి పొగగొట్టంలో నాలుగు దెబ్బలు వినిపిస్తాయి, మూడు సిలిండర్లదైతే ఆరు. 1923లో తయారైన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ రెండవ రకానిది. దాని నడక అందుకే అంత జోరుగా వినిపిస్తుంది. ప్రతి దెబ్బా పని ముగించుకొన్న ఆవిరి పైకి ఎగసే చప్పుడు. ఆ ఎగసే ఆవిరే కొలిమిలోనుంచి గాలిని లాగుతుంది. ఇంజను ఎంత కష్టపడితే మంట అంత రాజుకొంటుంది. ఈ ఒక్క సంగతి తెలిసినవారికి ఎత్తు ఎక్కుతున్న ఇంజను శబ్దం వేరుగా వినిపిస్తుంది. బయలుదేరిన కొద్దిసేపటికి దెబ్బలు మెత్తబడితే ఇంజను అలసిందని కాదు. డ్రైవరు ప్రతిసారీ లోపలికి పంపే ఆవిరిని తగ్గించి, దాని వ్యాకోచంతోనే పని చేయించుకొంటున్నాడని అర్థం. ఉన్నట్టుండి దెబ్బలు గబగబా పరుగెత్తితే చక్రాలు జారాయన్నమాట. అప్పుడు పట్టాలమీద ఇసుక వదులుతారు; డార్జిలింగ్ మార్గంలో ఇంజను ముందుభాగంలో మనుషులే కూర్చొని చేత్తో ఇసుక చల్లేవారు.

చివరి స్టేషనులో దిగి ఫలహారానికి పరుగెత్తకండి. ఇంజనును విడదీసి, పక్క పట్టామీదుగా బండి రెండవ కొసకు తెచ్చి తగిలిస్తారు. గొలుసు విప్పడం, గొట్టాలు వేరుచేయడం, ఇంజనును ఒక పట్టానుంచి మరొకదానికి మళ్ళించే పాయింట్లు మార్చడం, ఒంటిపట్టా మార్గమైతే ముందుకు పోవడానికి అనుమతిగా టోకెను అందుకోవడం, నీళ్ళగొట్టం తిప్పి తొట్టి నింపడం, ఇవన్నీ పదిహేను నిమిషాల్లో మన కళ్ళముందే జరుగుతాయి. ఇంత తక్కువ సమయంలో ఇంత పని చూపించే ఘట్టం రోజంతటిలో మరొకటి లేదు.

ఫోటోలకు చలికాలపు ఉదయం శ్రేష్ఠం. నిజానికి ఆవిరి కంటికి కనబడదు. అది చల్లగాలి తగిలి నీటితుంపరలుగా మారినప్పుడే తెల్లగా కనిపిస్తుంది. మండుటెండలో ఆ తెల్లదనం క్షణంలో కరిగిపోతుంది. ఇంజను ఎత్తు ఎక్కేచోటు, సూర్యుడు పక్కనుంచి వాలుగా పడే చోటు చూసుకొని, కంచెకు ఇవతల, అందరూ నడిచే దారిలోనే నిలబడాలి. పట్టాలమీదికి దిగినవారి వల్ల బండి ఆపవలసి వస్తే, ఎత్తుమీద ఆగిన ఇంజనును మళ్ళీ కదిలించడం డ్రైవరుకు ఎంత కష్టమో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. వీడియో తీసేవారు మాట్లాడకుండా ఉంటే శబ్దం నికరంగా దక్కుతుంది.

సాయంత్రం

ఆఖరి బండి వచ్చాక జనం తగ్గిపోతారు. అనుమతి ఉంటే ఇంకొక గంట ఉండండి. ఇంజను బూడిదగుంట మీదికి వెళుతుంది. ఫైర్‌మన్ పొడవాటి ఇనుపకడ్డీతో కొలిమిలోని చిట్టేన్ని పగలగొట్టి, ఎర్రగా ఉన్న ముద్దలను లాగి పారేస్తాడు. రోజంతటిలో ఇదే అన్నిటికంటె మురికి పని, అన్నిటికంటె వేడి పని. సాయం చేస్తామని ముందుకు వెళ్ళకండి. దూరంగా నిలబడి చూడటమే అప్పుడు మనం చేయగల సాయం. పీడనం మిగిలి ఉండగానే ఇంజెక్టరుతో బాయిలరును పైదాకా నింపుతారు, ఎందుకంటే రాత్రి చల్లారేకొద్దీ నీటిమట్టం కిందికి దిగుతుంది. బ్రేకు బిగించి, సిలిండరు కొళాయిలు తెరిచి ఉంచి, చక్రాలకు చెక్కలు అడ్డంపెట్టి, గాలి లోపలికి పోకుండా పొగగొట్టం మీద మూత వేస్తారు.

దగ్గరలో బస చేసి మరునాటి ఉదయం మళ్ళీ షెడ్డుకు వెళ్ళగలిగితే, సిబ్బందిని అడిగి బాయిలరుకు జానెడు దూరంలో అరచేయి ఉంచి చూడండి. లోపలి నీరు ఇంకా వెచ్చగానే ఉంటుంది. అందుకే రెండవ రోజు నిప్పు వేసేవాడు మొదటి రోజుకంటె ఆలస్యంగా వస్తాడు.